మొర్రివాగు వంతెన లెక్క

ఆయుధ పూజకు కంప్యూటర్ ల్యాబును ముస్తాబు చేయడంలో కోటేష్‌ను మించినవాడు ఆ చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ లేడు. దమ్మపేట దాటాక పామాయిల్ తోటల నడుమ ఉంటుంది ఆ ఇంజనీరింగ్ కాలేజీ. ల్యాబు టెక్నీషియన్ కోటేష్‌కు ఏడాదంతా దొరకని గౌరవం ఆ ఒక్కరోజే దొరుకుతుంది కాబట్టి దాన్ని ఊరికే పోనివ్వడు. మానిటర్లకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతాడు. కీబోర్డుల మీద బంతిపూల రేకులు చల్లుతాడు. ప్రతి సీపీయూ ముందూ ఒక నిమ్మకాయ. ఆ కుంకుమ మీటల సందుల్లో దూరి శివరాత్రి దాకా వేళ్లకు అంటుతూనే ఉంటుంది, అయినా ఎవరూ ఏమీ అనరు.

ఆ ల్యాబుకు ఒక నియమం ఉంది. ఏ మిషన్‌కూ ఇంటర్నెట్ వైరు తగిలించకూడదు. వంతెనలు, మేడలు ఎంత బరువు మోస్తాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి అన్ని మిషన్లలోనూ ఉంది. అది సముద్రాల అవతలి కంపెనీది. కొన్నది కాదు. ఎప్పుడో, ఎవరో, ఎక్కడి నుంచో తాళం విరగ్గొట్టిన కాపీ తెచ్చి పెట్టారు. నెట్ తగిలితే అది తన కంపెనీకి కబురు పంపుతుందని సీనియర్లు జూనియర్లకు చెబుతారు, ఆ జూనియర్లు సీనియర్లయ్యాక మళ్లీ చెబుతారు. సిలబస్‌లో లేని ఈ ఒక్క పాఠాన్ని మాత్రం ఎవరూ మరిచిపోలేదు. లెక్చరర్లకూ తెలుసు, మేనేజ్‌మెంట్‌కూ తెలుసు. తెలిసిన సంగతి తెలియనట్టు ఉండడంలో మనవాళ్లది అందె వేసిన చెయ్యి.

ప్రిన్సిపాల్ వెంకటప్పయ్య మధిర వైపు మనిషి. ఆ రోజు పట్టుపంచె కట్టుకుని వచ్చి, బల్లల వరసల మధ్య నడుస్తూ, మిషన్ల వెనక వేలాడుతున్న వైర్లను చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటయ్యా కోటేషూ? పేగులు బయటపడ్డట్టు ఈ వైర్లేంటి? అంగలోపం ఉన్నదానికి హారతి ఇస్తారా ఎక్కడైనా? తగిలించు, అన్నీ తగిలించు."

కోటేష్ తల గోక్కున్నాడు. "సార్, అయి నెట్ వైర్లు గద..."

"హారతి అయ్యేదాకేనయ్యా. తర్వాత పీకేద్దువుగాని."

పండుగ పూట పెద్దాయన మాట కాదనడం ఎందుకని కోటేష్ అన్నీ తగిలించాడు. ఆగిపోయిన బండికి ఎవరూ పూజ చేయరు గనుక మిషన్లన్నీ ఆన్ చేసి, తెరల మీద ఆ సాఫ్ట్‌వేరే తెరిచి పెట్టారు. సివిల్ ఫైనలియర్ పిల్లలు చేతులు జోడించి నిలబడ్డారు. కర్పూరం వెలిగింది. అది ఆరిపోయేలోపే ఆ ల్యాబులోని మిషన్లన్నీ కూడబలుక్కున్నట్టు, తామెక్కడ ఉన్నామో కంపెనీకి చెప్పేశాయి.

అన్ని తెరలూ ఖాళీగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. శ్రావణి అనే అమ్మాయి తన వంతెనకు కూడా హారతి తగలాలని ఆ ఫైలు తెరిచి పెట్టింది. ఫైలు పేరు 'శ్రావణి మొర్రివాగు'. వంతెన తెర మీద ఉంటే కోటేష్ దాని నడినెత్తిన కూడా ఒక బొట్టు పెట్టాడు. ఆ పిల్ల సంతోషం చూడాలి.

శ్రావణిది మొర్రివాగు అవతలి కోయగూడెం. వానాకాలం ఆ వాగు పొంగిందంటే గూడేనికి లోకంతో సంబంధం తెగిపోతుంది. రేషన్ బియ్యం ఇవతలే ఆగిపోతాయి, బడి పంతులు ఇవతలే ఆగిపోతాడు, అంబులెన్సు ఇవతలే నిలబడి హారన్ కొడుతుంది. చిన్నప్పుడు శ్రావణి తండ్రి భుజాలెక్కి బడికి పోయేది, పుస్తకాల సంచి తల మీద, చెప్పులు చేతిలో. ఫైనలియర్ ప్రాజెక్టు ఏం చేస్తావని అడిగితే ఆలోచించకుండా మొర్రివాగు మీద నడక వంతెన అంది. భద్రాచలంలో గిరిజన సంక్షేమ ఆఫీసుకు పోయి అడిగితే, అక్కడి ఇంజనీరు ఫైళ్లలోంచి తలెత్తి, "కాలేజీ ముద్రతో డిజైన్ తెస్తే చూద్దాం" అన్నాడు. ఆయన మాటవరసకే అని ఉంటాడు. ఈమె మాత్రం దాన్ని పట్టుకుని వచ్చేసింది.

ఇనుప కడ్డీలను త్రికోణాలుగా అల్లుకుంటూ పోయిన వంతెన అది. దాన్ని తెర మీద గీసి, మనుషుల బరువు, బియ్యం బస్తాల బరువు వేసి మొదటిసారి బటన్ నొక్కిన రోజు శ్రావణికి ఒళ్లు జలదరించింది. బూడిద రంగు కడ్డీలు ఒక్కసారిగా రంగు తేలాయి. కొన్ని ఎర్రబడ్డాయి, కొన్ని నీలంగా మారాయి. ఎర్రవి నలుగుతున్నాయి, నీలివి సాగుతున్నాయి. ఊరికే నిలబడినట్టు కనిపించే ఇనుము లోపల ఇంత పని జరుగుతుందని ఆమెకు అంతవరకూ తెలియదు. పుస్తకంలో చదివింది, పరీక్షలో రాసింది, మార్కులు కూడా తెచ్చుకుంది, కానీ తెలియదు. ప్రతి కడ్డీ పక్కదాన్ని పట్టుకుని లాగుతోంది, కాకపోతే నెడుతోంది. ఎవరికీ కనిపించకుండా, ఎవరికీ చెప్పకుండా.

"మేడం, ఇనుము గూడ గింత కష్టపడ్తదా?" అని అడిగింది ల్యాబ్ ఇన్‌చార్జి హేమలతను.

హేమలత కల్లూరు దగ్గర తండా నుంచి వచ్చి లెక్చరరైన మనిషి. నవ్వింది. "మరి నువ్వొక్కదానివే కష్టపడ్తున్నవ్ అనుకున్నవా?"

కార్తీకంలో కంపెనీ నోటీసు వచ్చింది. మిషన్ల నంబర్లన్నీ వరసగా ఉన్నాయి. మనుషుల పేరు మాత్రం ఒక్కటే ఉంది. ఫైలు పేరు చూసి, కుమారి మొర్రివాగు అనే ఆవిడ ఎవరో ఉందనుకుని, ఆవిడ మీద చర్య తీసుకుంటామని రాశారు. స్టాఫ్‌రూమ్‌లో ఒకరిద్దరు నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు.

వెంకటప్పయ్య శ్రావణినీ హేమలతనూ తన గదికి పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. భయస్తుడు. భయస్తుడు చేసే పనులు ఒక్కోసారి చెడ్డవాడు చేసే పనులకంటే అన్యాయంగా ఉంటాయి, అంతే తేడా.

"చూడమ్మా," అన్నాడు, "వాళ్ల మనిషి ఎల్లుండి వస్తున్నాడు. ఆ కాపీ తెచ్చిందెవరని అడుగుతాడు. కాలేజీ తెచ్చిందంటే కాలేజీ మూతపడుద్ది. ఒక స్టూడెంట్ తెలియక తెచ్చిందంటే, అందులోనూ అడివి ఊరి పిల్లంటే, జాలిపడి తిట్టి వదిలేస్తారు. నువ్వే తెచ్చి పెట్టావని ఒక కాగితం మీద సంతకం పెట్టు."

"నేను తేలేదు సార్. నేను వచ్చేసరికే ఉంది."

"నువ్వు తెచ్చావని నేనూ అనట్లేదమ్మా. సంతకం పెట్టమంటున్నా. పెట్టినరోజే నీ వంతెన డిజైన్ మీద కాలేజీ ముద్ర వేసి భద్రాచలం పంపిస్తా. పెట్టకపోతే మాత్రం దొంగ సాఫ్ట్‌వేర్‌తో చేసిన ప్రాజెక్టు మీద నేను ముద్రెట్లా వెయ్యను? నువ్వే చెప్పు."

హేమలతకు కోపం నషాళానికి అంటింది. "సార్, ఇదేం న్యాయం? పిల్ల మీద దొంగ అన్న పేరు పడ్తే రేపు ఉద్యోగమెవరు ఇస్తరు?"

"పోనీ ల్యాబు ఇన్‌చార్జి మీరే కదా మేడం. మీరు పెడతారా?"

ఇంట్లో హేమలత జీతం మీద ఆధారపడిన వాళ్లు ఎంతమందో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. బయటికి వచ్చాక వరండాలో ఆమె శ్రావణి చెయ్యి పట్టుకుంది. "పెట్టుమని నేను చెప్పను. వద్దని చెప్పే ధైర్యం కూడా నాకిప్పుడు లేదు. ఇంటికి పోయిరా."

శ్రావణి ఆ సాయంత్రమే గూడెం పోయింది. వాగు మోకాలి లోతుంది. చెప్పులు చేతిలో పట్టుకుని దాటింది. ఇంజనీరింగ్ ఫైనలియర్‌కు వచ్చినా చెప్పులు చేతిలోనే.

అమ్మమ్మ కన్నమ్మ వాకిట్లో కూర్చుని విస్తరాకులు కుడుతోంది. ఆమె వెనక కంచె మీద చిక్కుడుపాదు విరగకాసింది. ఒక్క కాయ కూడా కోయలేదు. గూడెంలో ఏ ఇంటి కంచె చూసినా అంతే, గుత్తులు గుత్తులుగా కాయలు, కిందికి వంగిన తీగలు, లోపల పొయ్యి మీద పచ్చిమిరపకాయల నీళ్లచారు. పండుగ చేసి, వేల్పుకు చెప్పి, అప్పుడే కొత్త చిక్కుడు కోస్తారు. అప్పటిదాకా ముట్టరు. కాపలా ఎవరూ ఉండరు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అయినా ఆ సాయంత్రం ఆ కాయల వంక చూస్తూ శ్రావణి నిలబడిపోయింది. తాళం లేదు, నోటీసు లేదు, వైరు లేదు. ఊరు ఊరంతా ఆగి ఉంది.

పూర్తిగా ఆగి ఉందని కూడా అనలేం. మనుషులన్నాక ఒకరిద్దరు ఆగలేరు. దానికీ ఆ గూడెంలో ఒక పద్ధతి ఉంది. పండుగకు ముందు అందరూ ఒకచోట చేరతారు. ముందే కోసుకుని తిన్నవాళ్లు లేచి నిలబడి, తిన్నామని, ఎంత తిన్నామో చెప్పాలి. పక్కవాడి పేరు ఎత్తకూడదు. చెప్పాక పూజారి వాళ్ల మీద నీళ్లు చల్లుతాడు, అంతటితో సరి. కానీ తిన్నవాళ్లు చెప్పకుండా కూర్చుంటే ఆ పండుగ వేల్పుకు చేరదంటారు.

శ్రావణి కాలేజీలో జరిగిందంతా చెప్పింది. కన్నమ్మ ఆకులు కుడుతూనే వింది.

"నువ్వు తెచ్చినవా?"

"తేలేదు అమ్మమ్మా."

"వాడినవా?"

"వాడిన."

"అడగకుండ వాడుతున్ననని తెలిసే వాడినవా?"

"అవ్. తెలిసే."

"మరింకేంది? పండుగ గాకముందే తిన్నవ్. తిన్నంత చెప్పాలె. పక్కోడు తిన్నది మాత్రం నీ నోట రావద్దు బిడ్డా. నిందేసి చెప్పినా తప్పే, జాలిపడి నెత్తినేసుకున్నా తప్పే."

"గట్ల చెప్తె వంతెన రాదమ్మమ్మా."

"వాగు నేను పుట్టకముందు నుంచి పారుతాంది. ఇంకొన్నేండ్లు పారుతది. దాటుతం."

మోకాళ్ల నొప్పికి దవాఖానాకు పోవాలంటే వాగు దాటాలని, ఆ దవాఖానాకే పోవడం మానేసిన మనిషి అంత తేలిగ్గా ఆ మాట అంటుంటే శ్రావణి అక్కడ కూర్చోలేకపోయింది. లేచి లోపలికి పోయి నీళ్లు తాగింది.

కంపెనీ తరఫున వచ్చిన మనిషి పేరు వీరబాబు. సత్తుపల్లిలో పుట్టి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇలాంటి తనిఖీలకు ఎన్ని కాలేజీలు తిరిగినా ఆయనకు ఒకే కథ వినిపించేవారు. ఎవరో పాత ఉద్యోగి పెట్టి పోయాడు, ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు, ఫోన్ నంబరు లేదు. ఆ దుబాయ్ మనిషి కథ ఆయనకు నోటికి వచ్చేసింది. ఇక్కడా అదే వింటానని అనుకునే వచ్చాడు.

అందరినీ ల్యాబులోనే కూర్చోబెట్టారు. వెంకటప్పయ్య ఒక కాగితం, పెన్ను తెచ్చి శ్రావణి ముందు పెట్టాడు. "ఈ అమ్మాయి చెప్పాల్సింది ఉందండి" అన్నాడు వీరబాబుతో.

శ్రావణి లేచి నిలబడింది. పెన్ను ముట్టుకోలేదు.

"సార్, నా పేరు శ్రావణి. మొర్రివాగు మా వాగు పేరు. మీ సాఫ్ట్‌వేర్ నేను రెండేండ్ల సంది వాడుతున్న. పర్మిషన్ లేదని తెలుసు. తెలిసే వాడిన. మా గూడెం వంతెన మొత్తం దాంట్లనే చేసిన. నేను చేసింది గంతే. తెచ్చి పెట్టింది మాత్రం నేను కాదు. ఎవరో నాకు తెల్వదు, తెలిసినా నేను చెప్పేది కాదు."

కూర్చుంది. వెంకటప్పయ్య మొహం నల్లబడింది.

అప్పుడు కోటేష్ లేచాడు. పూజ రోజు తప్ప ఎవరూ పట్టించుకోని కోటేష్. "సార్, కొత్త మిషన్ వచ్చినప్పుడల్లా పక్క మిషన్ల నుంచి దాంట్లకు ఎక్కిచ్చింది నేనే. వైర్లు పీకి ఉంచింది గూడ నేనే." కూర్చున్నాడు.

హేమలత లేచింది. "నేను నేర్పించిన. పర్మిషన్ లేదని తెలిసే క్లాసు చెప్పిన. మొన్న చెప్పాల్సింది, భయమై చెప్పలే." ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి, అయినా తల దించుకోలేదు.

ఆ తర్వాత వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "నేను నా లాప్‌టాప్‌ల గూడ ఎక్కిచ్చుకున్న సార్." పక్కనే మరొక అమ్మాయి. తర్వాత ఇద్దరు ఒకేసారి లేచి, ఎవరు ముందు చెప్పాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అటు తర్వాత ఆగలేదు. ఎవరూ పక్కవాణ్ని చూపించలేదు, ఎవరూ సాకు చెప్పలేదు, తాను చేసింది చెప్పి కూర్చోవడమే. వాళ్లలో చాలామంది శ్రావణి గూడెం ఎప్పుడూ చూడలేదు, ఆ పండుగ సంగతి తెలియదు. వీరబాబు రాసుకోవడం ఎప్పుడో ఆపేశాడు. నోరు కొంచెం తెరుచుకుని, ఎవరు లేస్తే వాళ్ల వైపు తిరుగుతున్నాడు.

లేవనిది వెంకటప్పయ్య ఒక్కడే.

చివరికి వీరబాబు గొంతు సవరించుకున్నాడు. "ఇట్లా ఏ కాలేజీలోనూ వినలేదండి నేను. కానీ నా చేతుల్లో ఉన్నది తక్కువ. వాడినవాళ్ల సంగతి వేరు, కంపెనీ అడిగేది మొదట తెచ్చిందెవరని. ఆ పేరు దొరక్కపోతే రికార్డులో ఉన్న ఒక్క పేరే పైకి వెళ్తుంది." శ్రావణి వైపు చూడలేక బల్ల వైపు చూశాడు. "సాయంత్రం బస్సుకు వెళ్తాను. ఈలోపు మిషన్లన్నిట్లోంచీ తీసెయ్యాలి. దాంట్లో చేసిన ఫైళ్లు కూడా."

ఒక్కో మిషన్‌లోంచీ తానే తీసేసుకుంటూ, శ్రావణి మిషన్ దగ్గరికి వచ్చినప్పుడు ఆగాడు. "ఒకసారి చూపిస్తావామ్మా?"

ఆమె ఆఖరిసారి బటన్ నొక్కింది. కడ్డీలు ఎర్రబడ్డాయి, నీలంగా మారాయి. వీరబాబు వంగి చాలాసేపు చూశాడు. "బాగా కట్టావు" అన్నాడు. తర్వాత తీసేశాడు. తెర మీద ఖాళీ తప్ప ఏమీ మిగల్లేదు. పైన కోటేష్ పెట్టిన బొట్టు మరక ఇంకా ఉంది.

వెంకటప్పయ్య అప్పటికే తన గదికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ముద్ర సంగతి అడగడానికి ఎవరూ పోలేదు.

శ్రావణి వరండా గచ్చు మీద కూలబడింది. పేరు పోతుంది, వంతెన పోయింది. హేమలత వచ్చి పక్కన నిలబడింది. ఏడుస్తుందేమో అనుకుంటే ఆమె మొహంలో వేరే ఏదో ఉంది.

"కడ్డీల పొడుగులు గుర్తున్నయా నీకు?"

"అన్నీ గుర్తున్నయ్ మేడం."

"అయితే లెవ్వు. కోటేషూ, చాక్‌పీసుల డబ్బా పట్కరా!" క్లాసు వైపు తిరిగింది. "మన ముందోళ్లు గోదారి మీద వంతెనలు కట్టినప్పుడు కంప్యూటర్లున్నయా? జాయింటు లెక్క మీకు సెకండియర్‌ల చెప్పిన్నా లేదా? రాదంటె చెప్పుండ్రి, ఎట్ల పాసైండ్రో అది గూడ ఇప్పుడే ఒప్పుకోవచ్చు."

పిల్లలు నవ్వారు. పొద్దున్నుంచి అది మొదటి నవ్వు.

పోర్టికో ముందున్న పెద్ద గచ్చు మీద శ్రావణి వంతెన గీసింది. ఇటు చివర రోడ్డు, అటు చివర గూడెం. త్రికోణాలు పేర్చుకుంటూ పోయింది. కడ్డీలు కలిసేచోటల్లా ఒక సున్నా చుట్టింది. హేమలత ఒక్కో సున్నా మీద ఒక్కొక్కరిని నిలబెట్టింది.

లెక్క తేలికే, చేసే ఓపికే ఉండాలి. ఒక జాయింటు దగ్గర కలిసే కడ్డీల లాగుడూ నొక్కుడూ, దాని మీద పడే బరువూ, అన్నీ కలిపితే సున్నా రావాలి. రాకపోతే ఆ జాయింటు అక్కడ నిలవదు. రోడ్డు చివర మొదలుపెట్టి, తన జాయింటు లెక్క తేల్చి, ఆ అంకె పక్కవాళ్లకు అందించాలి. వాళ్లు దాంతో తమది తేల్చుకుని ముందుకు ఇస్తారు.

"లాగుడు! నలభై రెండు!"

"నాకు నొక్కుడు ముప్పై. పైకి పంపుతున్న, తీస్కో!"

మోకాళ్ల మీద కూర్చుని గచ్చు నిండా అంకెలు రాస్తున్నారు. ఒకరు తప్పు చేస్తే పక్కవాళ్లకు సున్నా రాక, "ఓయ్, మల్ల చూస్కో" అని కేక. సరిచేసుకుని మళ్లీ. శ్రావణి పక్కన నిలబడి చూస్తోంది. తెర మీద ఒక్క రెప్పపాటులో రంగు తేలిన వంతెన ఇప్పుడు మనిషి మనిషినీ దాటుకుంటూ వాగు మీదుగా కదులుతోంది. ఎవరి మీద ఎంత బరువు పడిందో వాళ్ల నోటితోనే వినిపిస్తోంది. అప్పుడు బొమ్మ చూసింది, ఇప్పుడు వంతెనే చూస్తున్నట్టుంది. ఆమెకు మళ్లీ ఒళ్లు జలదరించింది, ఈసారి ఇంకా గట్టిగా.

లెక్క గూడెం వైపు చివరికి చేరింది. ఆఖరి సున్నా ఖాళీగా ఉంది. క్లాసులో మనుషులు అయిపోయారు.

ఈ గోలకు వెంకటప్పయ్య ఎప్పుడో బయటికి వచ్చాడు. కేకలేయడానికే వచ్చాడు కానీ మెట్ల మీదే ఆగిపోయాడు. ప్రిన్సిపాల్ కాకముందు ఆయన పాఠం ఇదే. ఇరవై ఏళ్లకు పైగా చెప్పాడు. ఇలా మాత్రం ఎప్పుడూ చూడలేదు.

శ్రావణి మెట్ల దగ్గరికి పోయింది. "సార్, ఆఖరి జాయింటుకు మనిషి లేడు. మీరు వస్తరా?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాడు. లేదు. మనిషి తక్కువయ్యాడు, పిలిచింది, అంతే. చెప్పులు విడిచి, గూడెం ఒడ్డున గొంతుక్కూర్చుని, చాక్‌పీసు తీసుకున్నాడు. వచ్చిన అంకెలు వేసుకున్నాడు. కలిపాడు. సున్నా రాలేదు.

మళ్లీ కలిపాడు. అంతే మిగులుతోంది. "ఎక్కడో ఎవరో తప్పు చేశారు" అన్నాడు. రోడ్డు చివర నుంచి అందరూ ఒక్కొక్కరుగా మళ్లీ చూసుకున్నారు. "నాది కరెక్టే సార్." "నాది గూడ కరెక్టే." కరెక్టు, కరెక్టు అనుకుంటూ మాట ఆయన దాకా వచ్చి ఆగింది.

శ్రావణి ఆయన పక్కన కూర్చుని అంకెలు చూసింది. "సార్," అంది మెల్లగా, "మీ జాయింటు మీద పడే బరువు మీరు వేసుకోలే."

ఒడ్డును ఆనుకున్న జాయింటు మీద పడే బరువు కడ్డీల్లోకి పోదు, నేరుగా ఒడ్డు మీదికే దిగుతుంది. అందుకే, ఒడ్డు మోసేదాంట్లో అది కలిసే ఉంటుందని మరిచి, చాలామంది దాన్ని వదిలేస్తారు. వదిలేయకూడదని ఆయన ఎన్ని బ్యాచ్‌లకు చెప్పాడో లెక్కలేదు. ఇప్పుడు ఆ బరువు వేసుకుని, మిగిలిన అంకె కొట్టేసి, కింద సున్నా చుట్టాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ తమ జాయింటు మీద నుంచి కదల్లేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా వంతెన నిలబడి ఉంది, అది వాళ్ల కాళ్లకు తెలుస్తోంది.

వీరబాబు బస్సుకు టైమైందని బ్యాగుతో బయటికి వచ్చాడు, వచ్చినవాడు గడప దగ్గరే ఆగిపోయాడు. వెంకటప్పయ్య కూర్చున్నచోటు నుంచి లేవకుండానే ఆయన వైపు తిరిగాడు.

"రిపోర్టులో పేరు మార్చండి వీరబాబు గారూ. ఆ కాపీ హైదరాబాద్ నుంచి మొదట తెచ్చింది నేనే. లెక్చరర్‌గా ఉన్నప్పుడు తెచ్చా. ఈ పిల్లలు చేతులతో లెక్కలేం చేస్తారులే అని తెచ్చా."

హేమలత చేతిలోని చాక్‌పీసు జారి కిందపడింది.

"ఉద్యోగం పోవచ్చు సార్" అన్నాడు వీరబాబు మెల్లగా.

"తెలుసండి."

కోటేష్ కళ్లు తుడుచుకుంటూ, అడగకుండానే గదిలోకి పరుగెత్తి కాలేజీ ముద్ర తెచ్చాడు. వెంకటప్పయ్య చేత్తోనే వారించాడు.

"ముద్ర తర్వాత. ముందు ఎవరి జాయింటు లెక్క వాళ్లు కాగితం మీద ఎక్కించి, కింద పేరు రాయండి," అన్నాడు. "నాది నేను రాస్తా."